రాయి చెప్పినంత వరకే

కొన్నేళ్ళ క్రితం ఉగాదికి ఇక్కడి మనవాళ్ళ సంఘం ఒకటి ప్రత్యేక సంచిక వేస్తూ, "సింగపూరులో తెలుగువారు - నాడూ నేడూ" అని ఇంగ్లీషులో రెండు పేజీలు రాసిమ్మని నన్నడిగింది. తెలుగులో ఎందుకు కాదంటే, ముఖ్య అతిథి తెలుగువారు కాదు, మిగతా భారతీయ సంఘాల వాళ్ళూ వస్తారు, వాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా అన్నారు. నా ఉద్యోగం కంప్యూటర్లతో, నా పిచ్చి చరిత్రతో. ఆ పిచ్చి నలుగురికీ తెలియడం వల్ల వచ్చిన పని ఇది.

రెండు రాత్రులు కూర్చుని రాశాను. మొదటి వాక్యమే అదిరిపోవాలనుకున్నాను. తెలుగువారు వెయ్యేళ్ళ క్రితమే సింగపూరు వచ్చారని 'ప్రూవ్' అయిందని రాశాను.

మా పక్క బ్లాకులో కొడుకు దగ్గరికి ఏడాదికో మూడు నాలుగు నెలలు వచ్చి ఉండే మాస్టారొకరున్నారు. గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్ళ పైన కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పొద్దున్నే నడక అయ్యాక కోపిటియంలో కూర్చుని పాలు లేని టీ తాగడం ఆయనకి ఇక్కడ అబ్బిన అలవాటు. ఒకసారి చూసిపెట్టండి మాస్టారూ అని కాగితాలు ఆయన ముందు పెట్టాను. జేబులోంచి పెన్సిలు తీసి, ఆ ఒక్క మాట చుట్టూ సున్నా చుట్టి, తలెత్తి అడిగారు.

"ఏవోయ్, రుజువు చేసిందెవరు? ఏ కోర్టులో?"

నాకు కొంచెం రోషం వచ్చింది. ఆ రోషం ఎక్కడిదో చెప్పాలి. ఇక్కడ మన పిల్లలు బడిలో రెండో భాషగా తమిళం తీసుకోవచ్చు, హిందీ తీసుకోవచ్చు, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు మాత్రం ఆ జాబితాలో లేదు. తమిళం ఈ దేశపు నాలుగు అధికార భాషల్లో ఒకటి, నోటు మీదా రైల్వే స్టేషన్లోనూ కనిపిస్తుంది. ఆఫీసులో తమిళ మిత్రుడు మా వాళ్ళు చోళుల కాలం నుంచీ ఇక్కడికి వస్తున్నారని అంటుంటే, మనకీ చెప్పుకోడానికి ఒక పాత కథ ఉండాలని ఎవరికుండదు? ఆ కోరికే నా చేత 'ప్రూవ్' అనిపించింది. ఆధారం దగ్గర నుంచి మాట పుట్టలేదు, కోరిక దగ్గర నుంచి పుట్టింది. ఇది నాకు ఆ రోజు తెలియలేదు.

మాస్టారు అన్నారు, "నువ్వు ఇదే తెలుగులో రాసుంటే ఏమని రాసేవాడివి? 'వెయ్యేళ్ళ కిందటే మనవాళ్ళు వచ్చారట' అని రాసేవాడివి. ఆ 'ట'ని ఎయిర్‌పోర్టులో వదిలేసి వచ్చావేం?"

నిజమే. మన భాషలో ఈ సదుపాయం ఎంతుందో మనం ఎప్పుడూ లెక్కపెట్టుకోం. వచ్చాడు అంటే నేను చూశాను. వచ్చాడట అంటే ఎవరో చెప్పారు. వచ్చినట్టున్నాడు అంటే గుమ్మంలో చెప్పులు కనిపించాయి. వచ్చాడు కాబోలు, వచ్చి ఉంటాడు, వచ్చాడేమో అంటూ పోయినకొద్దీ నమ్మకం పలచబడుతుంది. వచ్చానంటున్నాడు అంటే ఆ మాట వాడిది, నాకు సంబంధం లేదు. పల్లెటూళ్ళో అక్షరమ్ముక్క రాని ముసలమ్మ కూడా వీటిని ఒకదాని బదులు ఒకటి వాడదు. మన పత్రికలవాళ్ళు దీనికి 'అని తెలిసింది', 'అని భోగట్టా' అని మరో రెండు మెట్లు కట్టారు. ఇంగ్లీషులో క్రియకి తగిలించడానికి అలాంటి తోక లేదు. అక్కడ ఆ పనికి విడిగా ఒక మాట వెతికి పెట్టాలి. తోక అలవాటైనవాడికి విడి మాట పెట్టడం గుర్తుండదు. మన ఇంగ్లీషులో అన్నీ జరిగిపోయినట్టూ, అన్నీ తేలిపోయినట్టూ కనిపించడానికి ఇదొక కారణమని మాస్టారి సిద్ధాంతం. సిద్ధాంతం అని నేనన్నాను కానీ ఆయన ఒప్పుకోరు. 'అనుమానం అను చాలు' అంటారు.

ఇంతకీ నేను రుజువన్నది దేన్ని పట్టుకుని? సింగపూరు శిలని పట్టుకుని.

ఇప్పుడు ఫుల్లర్టన్ హోటలున్న చోటికి దగ్గర్లో, సింగపూరు నది సముద్రంలో కలిసే మూల, ఒక పెద్ద ఇసుకరాతి బండ ఉండేది. మూడు మీటర్ల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు. 1819లో రాఫిల్స్ దొర వచ్చి ఇక్కడ కుంపిణీ స్థావరం పెట్టాక, ఆ అడవి కొడుతున్న పనివాళ్ళకి అది కనిపించింది. దాని మీద యాభై వరుసల దాకా అక్షరాలు. చదవగలిగినవాడు లేడు. రాఫిల్స్ దగ్గర పనిచేసిన మున్షీ అబ్దుల్లా తన ఆత్మకథలో ఆ సందడి రాసుకున్నాడు. ఎవరెవరో పండితులొచ్చి పిండిముద్దలు అద్ది అచ్చు తీయబోయారట, మసి పూసి చూశారట. రాఫిల్స్ మాత్రం అది హిందువుల రాతే అన్నాడట, ఈ ద్వీపాలకు అందరికన్నా ముందు వచ్చింది వాళ్ళే కనక. అక్షరం చదవకుండానే తీర్పు అన్నమాట. నేను కొత్తగా చేసిందేమీ లేదు.

1837లో బ్లాండ్ అనే ఓడ డాక్టరు గీసిన నకలుని కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ అచ్చు వేయించాడు. అశోకుడి బ్రాహ్మీ లిపిని విప్పిన ప్రిన్సెప్పే. బ్లాండ్ అది పాళీ అని గట్టిగా నమ్మాడు. తర్వాత 1843లో నది ముఖద్వారం దగ్గర పనుల కోసం ఒక ఇంజనీరు ఆ బండని మందుపెట్టి పేల్చేయించాడు. జేమ్స్ లో అనే సైనికాధికారి కొన్ని ముక్కలు ఏరి, అక్షరాలున్న మేరకు చెక్కించి కలకత్తాకి పంపాడు. వాటిలో ఒకటి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిరిగి సింగపూరు చేరింది. నేషనల్ మ్యూజియంలో దాన్ని నేను చూశాను. వానకీ ఉప్పుగాలికీ అరిగిపోయిన అక్షరాలు, కళ్ళు చికిలించి చూస్తే ఉన్నాయనిపిస్తాయి, దగ్గరికెళ్తే గీతలనిపిస్తాయి.

ఈ ముక్క మీద పెద్దవాళ్ళు చెప్పినవి మాస్టారికి వినిపించాను. డచ్చి పండితుడు డి కాస్పరిస్ లిపిని బట్టి ఇది పది, పదకొండు శతాబ్దాలది కావచ్చన్నాడు, ఒకటి రెండు మాటలు పాత జావా భాషలా ఉన్నాయన్నాడు. ఇండొనేషియా శాసన నిపుణుడు బుఖారి పన్నెండో శతాబ్దం దాటదన్నాడు. జావా కన్నా సుమత్రా పద్ధతికి దగ్గరగా ఉంది, భాష సంస్కృతం కావచ్చన్నాడు. ఇక్కడ ఫోర్ట్ కానింగ్ గుట్ట మీద 1984 నుంచి తవ్వకాలు జరిపిన జాన్ మిక్సిక్ ఈ రెండిటిలో ఏదీ తేల్చలేం కానీ సుమత్రా వైపు మొగ్గు ఎక్కువన్నాడు.

"చూశావా, అందరూ 'కావచ్చు' దగ్గరే ఆగారు. ఆ రాయిని బతుకంతా చదివినవాళ్ళు వాళ్ళు. నువ్వు అద్దంలోంచి చూసొచ్చి రుజువంటున్నావు" అన్నారు మాస్టారు. నేను టీ తాగుతూ ఊరుకున్నాను.

అసలు సంగతి 2019లోది. ఇయాన్ సింక్లేర్ అనే పరిశోధకుడు ఆ రాతి మీద మిగిలిన అక్షరాల్లో 'కేసరివ' అనే తునకని గుర్తించాడు. అది 'పరకేసరివర్మన్' అనే చోళ బిరుదులో ముక్క కావచ్చని ప్రతిపాదించాడు. అది నిలబడితే సింగపూరు చరిత్ర వెయ్యేళ్ళ వెనక్కి వెళ్తుంది. 1025లో శ్రీవిజయం మీదికి ఓడలు పంపిన రాజేంద్రచోళుడు పరకేసరే. రాఫిల్స్ వచ్చి రెండు వందల ఏళ్ళయిందని ఉత్సవాలు చేసుకుంటున్న ఏడాదిలోనే ఈ మాట బయటికి రావడంతో పత్రికలు సంబరపడ్డాయి.

అక్కడ నాకు ఆశ పుట్టింది. చోళరాజులు రాజకేసరి, పరకేసరి అనే బిరుదులు ఒకరి తర్వాత ఒకరు మార్చి మార్చి ధరించేవారు. రాజేంద్రుడి కూతురు అమ్మంగదేవి మన రాజమహేంద్రవరం కోడలు, నన్నయగారిని ఆదరించిన రాజరాజనరేంద్రుడి భార్య. వాళ్ళ కొడుకే తర్వాత చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. ఆయన బిరుదు రాజకేసరి. 'రాజకేసరివర్మన్' అన్నా 'కేసరివ' అందులో ఉంటుంది కదా! అంటే ఆ రాయి గోదావరి ఒడ్డున పుట్టినవాడిది కాకూడదా? రాత్రి పన్నెండు దాటాక ఈ ఆలోచన వస్తే మనిషికి నిద్ర పట్టదు. కానీ సింక్లేర్ 'పర' అన్నాడు, 'రాజ' అనలేదు. ఆ విరిగిన అంచు దగ్గరి గీతలు చదివే విద్య నాకు లేదు. పైగా పరకేసరి అయినా అది ఒక పండితుడి ప్రతిపాదన. నేను ఒక 'కావచ్చు' మీద ఇంకో 'కాకూడదా' పెట్టి, పైన 'రుజువైంది' అని కప్పు వేశాను. చోళరాజు బిరుదు ఉన్నంత మాత్రాన తెలుగువాళ్ళొచ్చారని ఎట్లాగవుతుందో, అదీ నేను ఆలోచించలేదు.

ఇలాంటిది మన ఇంట్లోనూ ఉంది. అమరావతి రాతిపలక మీద 'నాగబు' అనే మాటని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పట్టుకుని మనకి చూపించారు. చిన్నప్పుడు తొలి తెలుగుమాట అదేనని బట్టీ పట్టాం. ఆ తునక పూర్తి మాటా, పెద్ద మాటలో విరిగిన భాగమా అని తర్వాతివాళ్ళు సందేహించారు. ఆ సందేహం మా పాఠంలో లేదు. కేసరివ, నాగబు, రెండూ అంచులు విరిగిన రాళ్ళే.

సరే, రెండోసారి రాశాను. ఈసారి మరీ జాగ్రత్త పడ్డాను. డిక్షనరీ ముందు పెట్టుకుని, అనుమానం చూపించే మాటలన్నీ కూరాను. మా అమ్మాయి అప్పుడు సెకండరీ వన్‌లో ఉంది. ఇక్కడి బళ్ళలో చరిత్ర పరీక్షకి ఆధారం ఇచ్చి దాన్నుంచి ఏం ఊహించగలవు, ఎంతవరకు నమ్మగలవు అని అడుగుతారు. తారీఖులు బట్టీ పట్టిన మనకి ఆ ప్రశ్న చూస్తేనే చెమట పడుతుంది. అది నా కాగితం చదివి అడిగింది.

"నాన్నా, ఈ తెలుగు వ్యాపారులు ఏం తప్పు చేశారు?"

"తప్పేంటమ్మా?"

"మరి 'అలెజ్డ్' అని రాశావుగా. దొంగతనం చేశారని కేసు ఉన్నవాళ్ళకి రాస్తారది."

నేను 'అట' అనే అర్థంలో 'అలెజ్డ్' వాడాను. నిజానికి అది నేరం మోపినప్పుడు వాడే మాట. మన 'ఆరోపించారు'కి దగ్గర. మన పేపర్లలో ప్రతిపక్ష నాయకుడు రోడ్డు బాగాలేదన్నా 'ఆరోపించారు' అని రాసి రాసి, ఆ మాటకి ఉన్న పదును మొద్దుబారింది. దాన్ని నేరుగా ఇంగ్లీషులోకి దింపితే వెయ్యేళ్ళ కిందటి పెద్దమనుషులు బోనెక్కారు.

దాంతో మాస్టారి దగ్గర మరో పాఠం. సింక్లేర్ 'క్లెయిమ్' చేశాడని రాసిన చోట ఆయన పెన్సిలు మళ్ళీ ఆగింది. క్లెయిమ్ అంటే చెప్పినవాడి మీద నాకు అంత నమ్మకం లేదని చదివేవాడికి కన్నుగీటినట్టు. ఒక పండితుడు ఆధారాలు చూపించి ఒక సంగతి ముందుకి పెడితే 'సజెస్ట్' చేశాడనో, 'ప్రపోజ్' చేశాడనో అనాలి. వాదన కట్టి నిలబెడితే 'ఆర్గ్యూ' చేశాడనాలి. ఆర్గ్యూ అంటే పోట్లాట కాదు. ఇంకోచోట బుఖారి కాస్పరిస్‌ని 'రిఫ్యూట్' చేశాడని రాశాను. రిఫ్యూట్ అంటే ఎదుటివాడి మాట తప్పని తేల్చేయడం. బుఖారి ఒప్పుకోలేదు, అంతే. ఎవరూ ఎవరినీ ఓడించలేదు, అంపైరే లేడు ఆ ఆటలో. 'ఆర్గ్యూఅబ్లీ' గురించి పావుగంట నడిచింది. నేను దాన్ని 'చర్చనీయాంశం, ఇంకా తేలలేదు' అనుకుని వాడుతున్నాను ఇన్నేళ్ళూ. అది 'ఇలా అనడానికి గట్టి కారణాలున్నాయి' అనే వైపుకి మొగ్గే మాట. 'డిబేటబుల్' దానికి ఇంచుమించు ఎదురు వైపుకి మొగ్గుతుంది. ఈ రెండూ కవలపిల్లల్లా కనిపించి వేరువేరు ఇళ్ళల్లో పెరిగాయని మాస్టారన్నారు. మా ఆఫీసులో రిపోర్టులు గుర్తొచ్చి నాకు లోపల గుబులు పుట్టింది.

ఇక మిగిలింది క్లింగ్. ఇది మనవాళ్ళకి మరీ ఇష్టమైన మాట. మలయాలో కోరమాండల్ తీరం నుంచి వచ్చినవాళ్ళని 'కెలింగ్' అనేవారు, ఇంగ్లీషువాళ్ళు 'క్లింగ్' అని రాశారు. ఇప్పుడది తిట్టుగానే చలామణీ అవుతుంది. సింగపూరులో క్లింగ్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంటే, ఇక్కడి భారతీయుల అభ్యంతరం మీద 1920లలో బోన్‌హామ్ స్ట్రీట్ అని మార్చారు. సెజారా మెలాయు అనే మలయ్ రాజుల కథాగ్రంథంలో ఈ క్లింగు దేశపు రాజు ఒక మల్లుణ్ణి సింగపూరుకి పంపుతాడు. ఇక్కడి బడాంగ్ అనే బలశాలితో పందెం. వచ్చినవాడు బండని మోకాళ్ళ దాకా ఎత్తితే, బడాంగ్ ఎత్తి నదీముఖంలోకి విసిరేశాడట. బడాంగ్ పోయాక ఆ రాజే సమాధికి రాయి పంపాడట. విసిరిన బండే సింగపూరు శిల అయి ఉండవచ్చని పంతొమ్మిదో శతాబ్దం నుంచీ కొందరంటున్నారు.

కళింగం అంటే శ్రీకాకుళం ముఖలింగం, కాబట్టి క్లింగులంటే తెలుగువాళ్ళు, కాబట్టి ఆ మల్లుడు మనవాడే. మా సంఘంలో ఈ లెక్క చెప్పనివాళ్ళు లేరు. నేనూ చెప్పాను. మాస్టారు దీన్ని మూడు వాక్యాలుగా విడగొట్టమన్నారు. క్లింగ్ అనే మాట కళింగం నుంచి వచ్చిందనడం పండితులు చాలావరకు ఒప్పుకున్నదే, కాబట్టి 'జెనరల్లీ బిలీవ్డ్' అని రాయొచ్చు. క్లింగులంటే తెలుగువాళ్ళే అనడం తప్పు. మాట ఎక్కడ పుట్టినా, పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ ఆ పేరుతో పిలిపించుకున్నవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. మూడోది, ఆ మల్లుడు తెలుగువాడనడం. దానికి 'మే' కూడా పెట్టడానికి లేదు. కథలో వచ్చినవాడికి కథలో ఉన్నంతే కులగోత్రాలు. 'లెజెండ్ హాజ్ ఇట్' అని మొదలుపెట్టి కథంతా చెప్పు, ఎవరొద్దన్నారు, అన్నారాయన. ఆ పేరా రాస్తుంటే నాకు ఏదో అమ్మేసుకున్నట్టనిపించింది.

"మరి గట్టిగా చెప్పదగ్గది ఒక్కటీ లేదా మాస్టారూ?" అనడిగాను.

"ఎందుకు లేదూ, మోటుపల్లి లేదూ?" అన్నారు. బాపట్ల వైపు వాళ్ళకి ఆ ఊరంటే ఉండే గర్వం ఆయన గొంతులో తెలిసింది. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం ఇవాళ్టికీ చదవొచ్చు. పూర్వపు రాజులు గాలివానకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవారు, మేము సుంకం తప్ప ఏమీ తీసుకోము అని విదేశీ వర్తకులకి రాజు ఇచ్చిన మాట అది. చందనం, కర్పూరం, దంతం అంటూ సరుకుల పట్టిక ఉంది. పదమూడో శతాబ్దంలో తెలుగు రేవుకి సముద్రం మీద వర్తకం ఉండేదని ఆ శాసనం 'షోస్', చూపిస్తోంది. ఆ మాట అచ్చంగా పెట్టొచ్చు. సుమత్రా, బోర్నియోలు కర్పూరానికి పేరుమోసినవి కాబట్టి మోటుపల్లికి ఈ వైపుతో సంబంధం ఉండొచ్చని 'సజెస్ట్స్'. మన ఓడలు సింగపూరులో ఆగాయా? శాసనం ఆ మాట ఎత్తలేదు, నువ్వూ ఎత్తకు.

ఇంతలో నాకొకటి దొరికింది. రాతిని పేల్చేశాక మిగిలిన ముక్కల సంగతి అడిగిన కలకత్తావారికి ఇక్కడి గవర్నరు బటర్‌వర్త్ రాసిన జవాబు ఉంది. ఒక ముక్క ఖజానా వరండాలో పడి ఉంది, కాపలా సిపాయిలూ పని మీద వచ్చి కాచుకున్నవాళ్ళూ దాన్ని పీటలా వాడుకున్నారు, నేను ఇంటికి తెప్పించేసరికే అక్షరాలు దాదాపు చెరిగిపోయాయి అని వాపోయాడు. 1840లలో సింగపూరు పటాలాలు మద్రాసు సైన్యానివి. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు బోలెడుమంది. తెలుగు సిపాయిలు ఆ రాతి మీద కూర్చుని ఉండవచ్చు. 'మే వెల్ హావ్' అని రాయడానికి ఇక్కడ పూర్తి అర్హత ఉంది, 'ఉండే ఉంటారు' అన్నంత వరకూ వెళ్ళొచ్చు. ఎంత వెతికినా ఆ రాతితో మనకి నిలబడే సంబంధం ఇదొక్కటే దొరికింది. ఎవరు చెక్కించారో తెలియని ఆ అక్షరాలు చెరగడంలో మన పంచెలకీ వాటా ఉండొచ్చు.

మాస్టారు చదివి చాలాసేపు నవ్వారు. నవ్వి, "మనవాళ్ళు ఒప్పుకోరోయ్" అన్నారు.

ఒప్పుకున్నారు, ఒక విధంగా. సంచిక చేతికొచ్చాక తీసి చూశాను. సిపాయిల వాక్యం ఉంది, దాన్ని విడిగా ఒక డబ్బాలో పెట్టి రంగు కూడా వేశారు. డబ్బాలో చోటు చాలలేదని అచ్చు పని చూసినాయన తర్వాత చెప్పాడు. 'మే వెల్ హావ్' అనే మూడు మాటలూ అందులో లేవు.